యాప్ నిషేధానికి అభ్యంతరం చెప్పడం ఎలా: విదేశాల్లో మనవాళ్లున్న హైదరాబాద్ కుటుంబాలకు

2023 మేలో కేంద్రం ఒకేసారి 14 మెసేజింగ్ యాప్‌లను బ్లాక్ చేసింది. జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాటిని వాడుతున్నారన్నది కారణం. ఆ జాబితాలో ఐమో కూడా ఉంది. గల్ఫ్‌కు పనికి పోయినవాళ్లున్న ఇళ్లలో ఐమో అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పాత ఫోన్లో, సిగ్నల్ సరిగా లేనిచోట కూడా మనిషి మొహం కనపడేది దాంట్లో. అంతకు మూడేళ్ల ముందు, 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ ఉంది. చైనాలో వాట్సాప్ నడవదు కాబట్టి, అక్కడ ఎంబీబీఎస్ చదివే పిల్లలతో మాట్లాడటానికి ఇంటివాళ్లు పట్టుకున్న దారి అదే.

ఇంకో యాప్ వెతుక్కోవడం ఎవరికైనా వచ్చు. ఆపినవాళ్లను కాగితం మీద ప్రశ్నించడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. ఇందిరాపార్కు ధర్నా చౌక్‌లో పోలీసుల అనుమతి తీసుకుని కూర్చోవడం మీ హక్కే. కానీ ఆ ఫొటో పేపర్లోకి వస్తుంది, కేసు ఫైల్లోకి రాదు.

ముందు ఏం ఆగిందో తేల్చుకోండి

యాప్ పనిచేయకపోతే నిషేధమే అనుకోకండి. సర్వర్ పడిపోయినా ఇలాగే ఉంటుంది. ఒకే గంటలో మూడు చోట్ల చూడండి: ఇంటి వైఫైలో, ఒక మొబైల్ నెట్‌వర్క్‌లో, వేరే కంపెనీ సిమ్‌లో. మూడింట్లోనూ రాకుండా, విదేశంలో ఉన్న మనిషికి మామూలుగా నడుస్తుంటే ఇక్కడ ఆపారని అనుమానించాలి. ఒక్క నెట్‌వర్క్‌లోనే రాకపోతే ముందు ఆ కంపెనీకి ఫిర్యాదు పెట్టి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

ఆపడంలోనూ రకాలున్నాయి. ప్లేస్టోర్‌లోంచి తీసేస్తే కొత్తగా దించుకోలేరు, పాత ఫోన్లో ఉన్నది కొన్నాళ్లు నడుస్తుంది. నెట్‌వర్క్‌లోనే ఆపితే యాప్ తెరుచుకుంటుంది గానీ "కనెక్ట్ అవుతోంది" అంటూ తిరుగుతూనే ఉంటుంది. మూడోది గల్ఫ్ పద్ధతి: మెసేజ్ పోతుంది, కాల్ పోదు. ఇందులో మీది ఏ రకమో కోర్టులో వేసే అఫిడవిట్‌లో (ప్రమాణపత్రంలో) స్పష్టంగా ఉండాలి. స్టోర్‌లోంచి మాత్రమే తీసేసిన యాప్‌ను "పూర్తిగా బంద్" అని రాస్తే, అవతలి వకీలు తన ఫోన్లో తెరిచి చూపిస్తాడు. అక్కడితో మీ మాట తేలిపోతుంది.

ఊనీ ప్రోబ్ అనే ఉచిత యాప్ వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ వంటివి ఏ నెట్‌వర్క్‌లో అందుతున్నాయో పరీక్షించి, తేదీ, సమయంతో ఫలితం ఇస్తుంది. ఆ ఫలితాలు అందరికీ కనపడేలా ప్రచురితమవుతాయి. హైదరాబాద్‌లో మీరు నడుపుకోండి, గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో మాత్రం నడిపించకండి, అక్కడ అది వాళ్లకు చిక్కు తేవచ్చు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏం పనిచేసింది

2020 ఆగస్టు 6న ట్రంప్ వీచాట్‌ను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. 45 రోజుల్లో అమల్లోకి రావాలి. దాన్ని అడ్డుకున్నది వీచాట్ యజమాని టెన్సెంట్ కంపెనీ కాదు. అక్కడి చైనా మూలాలున్న వకీళ్లు వీచాట్ వాడుకదారుల కూటమి పెట్టి, ఆగస్టు 21న శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో దావా వేశారు. నిషేధం సెప్టెంబరు 20న మొదలవ్వాల్సి ఉండగా, సరిగ్గా ఆ వేళకు న్యాయమూర్తి లారెల్ బీలర్ దాన్ని నిలిపేశారు. అక్టోబరులో అప్పీలు కోర్టు కూడా స్టే ఎత్తేయనంది. 2021 జూన్ 9న బైడెన్ ఆ ఉత్తర్వునే రద్దు చేశారు.

బీలర్ ఆదేశంలో మనకు పనికొచ్చేవి రెండు. ఒకటి, ఇంగ్లీషు సరిగా రాని చైనా వాళ్లకు అమెరికాలో వీచాట్ తప్ప వేరే మాధ్యమం ఆచరణలో లేదని వాడుకదారుల ప్రమాణపత్రాలు చూపించాయి. రెండు, చైనాతో ముప్పు ఉందని ప్రభుత్వం చూపించింది గానీ, దేశంలో అందరికీ వీచాట్ ఆపితే ఆ ముప్పు ఎలా తగ్గుతుందో చూపలేకపోయింది. ఆస్ట్రేలియాలో లాగా ప్రభుత్వ ఫోన్లలో మాత్రం ఆపొచ్చు కదా అని కోర్టు అడిగింది.

ఇలా వేస్తే గెలుపు ఖాయమని మాత్రం అనుకోకండి. టిక్‌టాక్ మీద అమెరికా పార్లమెంటే 2024లో చట్టం చేసింది. వాడుకదారులు కూడా కోర్టుకెక్కారు, అయినా 2025 జనవరి 17న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చట్టం వైపే నిలబడింది. వీచాట్ వాళ్ల చేతిలో ఉన్న బలమైన ఆయుధం "ఇది తప్ప దారి లేదు" అన్న రుజువు. కింద చెప్పేదంతా ఆ రుజువు తయారు చేయడం గురించే.

అఫిడవిట్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

"మా ప్రాథమిక హక్కులు హరించారు" అన్న వాక్యం వకీలు ఎలాగూ రాస్తారు. మీరు రాయాల్సింది మీ ఇంట్లో ఉన్నదే. ఇలా: "మా కుమారుడు ఫలానా దేశంలో నాలుగేళ్లుగా డ్రైవరు. నాకు చదువు రాదు. అతను ఈ యాప్‌లో గొంతు రికార్డు చేసి పంపితే వింటాను, నేనూ అలాగే పంపుతాను. యాప్ ఆగిన ఫలానా తేదీ నుంచి మెసేజ్‌లు చదివించుకోవడానికి పక్కింటివారి దగ్గరికి పోవాల్సి వస్తోంది." అమెరికా కేసులో ఇంగ్లీషు రాకపోవడానికి ఉన్న బరువు, మన దగ్గర చదువు రాకపోవడానికి ఉంది. మన పెద్దవాళ్లకు వాయిస్ మెసేజే ఉత్తరం. దీన్ని సిగ్గుపడి దాచకండి, మొదటి పేరాలోనే పెట్టండి.

జడ్జి తప్పకుండా అడిగే ప్రశ్న: "వేరే యాప్‌లు ఉన్నాయి కదా?" దీనికి జవాబు నోటితో కాదు, నోట్‌బుక్కుతో ఇవ్వాలి. ఏడు రోజులు వరసగా రాయండి: తేదీ, సమయం, ఏ యాప్ లేదా ఏ కాల్, ఇక్కడి నెట్‌వర్క్, అవతలి దేశం, కలిసిందా లేదా, ఎన్ని నిమిషాలు, ఎంత ఖర్చు. మామూలు ఐఎస్‌డీ కాల్ కూడా చేసి చూడండి, రీఛార్జ్ రసీదు ఉంచండి. ఈమెయిల్ పంపి చూడండి. ఏదైనా పనిచేస్తే పనిచేసిందనే రాయండి. "కలిసింది, కానీ మనవడి మొహం కనపడదు, నిమిషానికి ఇంత పడింది" అన్నది నిజాయితీగా ఉన్న బలమైన వాక్యం. ఏదీ పనిచేయలేదని రాసి, ఫోన్ బిల్లులో రోజూ అరగంట కాల్ కనపడితే మొత్తం అఫిడవిట్ మీద అనుమానం వస్తుంది.

ఇలాంటివి అయిదారు చాలు, కానీ ఒకదానికొకటి పోలిక ఉండకూడదు. చదువు రాని తల్లి, మందుల చీటీ ఫొటో పంపించుకునే డయాలసిస్ రోగి, ఆర్డర్లన్నీ ఆ యాప్‌లోనే తీసుకునే పాతబస్తీ ముత్యాల వ్యాపారి, కాలేజీ నోటీసులన్నీ వీచాట్ గ్రూపులోనే వచ్చే విద్యార్థి. ఒకే నమూనా మీద పేరు మార్చి యాభై జిరాక్సులు తీస్తే, యాభైకీ కలిపి ఒకదాని విలువే ఉంటుంది.

స్క్రీన్‌షాట్లలో తేదీ, గడియారం, నెట్‌వర్క్ గుర్తు కనపడాలి. కత్తిరించకండి. అసలు ఫైల్ ఫోన్లోనే ఉంచి, కాపీని పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన ఫొటో కుదించుకుపోతుంది, అందులోని తేదీ వివరాలు పోతాయి. అందుకే డాక్యుమెంట్‌గా పంపాలి. సాక్ష్యంగా పెట్టాల్సి వస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఆ ఫారంలో రెండు భాగాలు: మొదటిది మీరు, రెండోది నిపుణుడు నింపాలి. ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే అక్షరాలు, అంకెల గుర్తు) కూడా అందులో రాయాలి.

హైకోర్టు నడిచేది ఇంగ్లీషులో. తెలుగు, ఉర్దూ కాగితాలకు అనువాదం జతచేయాలి. ఇంగ్లీషు రానివారు సంతకం చేసేటప్పుడు "దీన్ని నాకు తెలుగులో చదివి వివరించారు" అన్న వాక్యం చివర ఉండేలా చూసుకోండి. ఆ వాక్యం లేక, అడిగితే సంతకం చేసిన మనిషికి లోపల ఏముందో తెలియక ఇబ్బంది పడతారు.

విదేశంలో ఉన్నవారే పిటిషనర్ కావాలంటే అక్కడి భారత ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో సంతకం ధ్రువీకరించుకోవాలి. ఇక్కడి వారికి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఇది మర్చిపోవడం చాలా మామూలు. కవరు మీది తేదీ కోసం ఆ కవరు కూడా దాచండి.

మన ప్రభుత్వమే ఆపితే

సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 69ఏ కింద ఆపుతారు. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజాశాంతి, వీటికి సంబంధించిన నేరాలకు ప్రేరేపణ ఆపడం: ఇవే చట్టం ఒప్పుకున్న కారణాలు. విధానం 2009 బ్లాకింగ్ రూల్స్‌లో ఉంది. మామూలుగా అయితే 8వ రూల్ కింద కంపెనీకి నోటీసు ఇచ్చి, జవాబుకు కనీసం 48 గంటలు ఇవ్వాలి. అత్యవసరమైతే 9వ రూల్ కింద ముందు ఆపి, 48 గంటల్లోపు దాన్ని పరిశీలించే అధికారుల కమిటీ ముందు పెట్టాలి. 14వ రూల్ ప్రకారం సమీక్ష కమిటీ రెండు నెలలకొకసారైనా కూర్చోవాలి.

మొదట ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖలోని డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కు (బ్లాకింగ్ వ్యవహారం చూసే అధికారికి) వినతిపత్రం స్పీడ్ పోస్ట్‌లో పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. "ముందు ప్రభుత్వాన్ని అడిగారా?" అని కోర్టు అడిగితే ఈ రసీదే జవాబు. అదే రోజు ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు వేయండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. "ఎందుకు ఆపారు?" అని అడిగితే దాటవేయడం సులువు. ఇలా అడగండి: ఉత్తర్వు నకలు, ఉత్తర్వు తేదీ, 8వ రూలా 9వ రూలా, నోటీసు ఇచ్చిన తేదీ, ఆ తర్వాత సమీక్ష కమిటీ కూర్చున్న తేదీలు. భద్రత పేరుతో ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(ఏ), రహస్యం పేరుతో బ్లాకింగ్ రూల్స్‌లోని 16వ రూల్ చూపి తిరస్కరించే అవకాశమే ఎక్కువ. నిరాశపడక్కర్లేదు, ఆ తిరస్కారం కూడా రిట్‌కు (హైకోర్టులో వేసే పిటిషన్‌కు) జతచేసే కాగితమే. రహస్యంగా ఉంచాల్సింది పోను మిగతాది ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 10 చెబుతుంది. 30 రోజుల్లోపు మొదటి అప్పీల్‌లో దాన్ని పట్టుకోండి.

ఆర్టికల్ 226 కింద తెలంగాణ హైకోర్టులో రిట్ వేసేటప్పుడు ఆధారపడే తీర్పులు రెండు. 2015 శ్రేయా సింఘాల్ తీర్పు 69ఏని నిలబెట్టింది, కానీ కారణాలు రాతలో ఉండాలని, వాటిని రిట్‌లో సవాలు చేయొచ్చని చెప్పింది. 2020 జనవరి 10 నాటి అనురాధా భసిన్ తీర్పు ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులు బయటపెట్టాలని, చర్య అవసరానికి మించి ఉండకూడదని చెప్పింది. కాబట్టి "నిషేధం మొత్తం కొట్టేయండి" అని ఒక్కటే అడగకండి. ఉత్తర్వు బయటపెట్టాలని ఒక కోరిక, తక్కువ నష్టంతో అదే పని జరిగే దారిని పరిశీలించాలని ఇంకో కోరిక పెట్టండి. మొదటిది దొరకని చోట మిగతావి దొరకొచ్చు. ఉగ్రవాదులు వాడారన్న కారణాన్ని ఎగతాళి చేయవద్దు. కారణం నిజమే అనుకున్నా ఈ చర్య దానికి సరిపడదని వాదించాలి.

టోలిచౌకి పారామౌంట్ కాలనీలో ఉండే సూడాన్, యెమెన్, సోమాలియా వాళ్ల విషయం వేరు. వాక్ స్వాతంత్ర్యపు ఆర్టికల్ 19 పౌరులకు మాత్రమే, ఆర్టీఐ కూడా పౌరులకే. 14, 21 ఆర్టికళ్లు మాత్రం ఎవరికైనా వర్తిస్తాయి. అందుకే మొదటి పిటిషనర్‌గా భారత పౌరుడు ఉండాలి, విదేశీయుల అఫిడవిట్లు దానికి తోడుగా రావాలి. వీసా మీద ఉన్నవాళ్లను ధర్నాలకు పిలవకండి.

ఖర్చు భరించలేనివారు 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగొచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేదు. పిటిషనర్ ఎవరో నిర్ణయించేటప్పుడే ఇది గుర్తుపెట్టుకోండి.

అవతలి దేశం ఆపితే

దీనికి మన హైకోర్టు చేయగలిగింది ఏమీ లేదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ ఆపి, బొటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌లనే వాడమంటారు. రష్యా 2025 ఆగస్టులో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌ను అడ్డుకుంది, మాక్స్ అనే సొంత యాప్‌ను ముందుకు తెచ్చింది. నేపాల్ 2025 సెప్టెంబరు 4న 26 వేదికలు ఆపి, ఆందోళనల్లో ప్రాణాలు పోయాక కొద్ది రోజులకే ఎత్తేసింది. మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌గా ఉండే నేపాలీలకు ఇంటితో మాటలు ఆగింది ఆ రోజుల్లోనే.

ఇక్కడ నుంచి చేయగలిగింది విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు, మీ ఎంపీ ద్వారా పార్లమెంటులో ప్రశ్న, మంగళ, శుక్రవారాల్లో బేగంపేట ప్రజాభవన్‌లో ప్రజావాణి. ఫిర్యాదులో ఎన్ని కుటుంబాలు, ఏ జిల్లా, ఏ దేశం అన్నవి అంకెల్లో ఉండాలి. అవతల ఉన్న మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు మాత్రం బహిరంగంగా తిరిగే కాగితంలో పెట్టకండి. వీపీఎన్ (ఐపీ చిరునామా మార్చి నిషేధాన్ని దాటే యాప్) చిట్కాలు ఇక్కడ కావాలనే రాయడం లేదు. యూఏఈలో 2021 నాటి సైబర్ చట్టం ప్రకారం, నేరం చేయడానికో దాచడానికో ఐపీ చిరునామా మార్చితే కనీస జరిమానా 5 లక్షల దిర్హామ్‌లు. నిషేధించిన కాల్ చేయడం అందులోకి వస్తుందా రాదా అన్న వాదన, కూలికి పోయిన మనిషి మీద పెట్టి చూసేది కాదు.

డబ్బు, డేటా

విరాళాలు తీసుకుంటే ఆ యాప్ కంపెనీ నుంచి రూపాయి కూడా ముట్టకండి. "వీళ్లు కంపెనీ మనుషులు" అన్న ఒక్క మాట చాలు, తల్లి అఫిడవిట్ పక్కకు పోతుంది. విదేశాల నుంచి వచ్చే విరాళాలకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అడ్డం వస్తుంది, వకీలును అడగకుండా ఖాతా నంబరు గ్రూపుల్లో తిప్పకండి.

యాప్ ఇంకా నడుస్తుండగానే సంభాషణలు దించుకోండి. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ ఒక్కో చాట్‌కు విడిగా చేయాలి. ఫొటోలతో అయితే చివరి 10,000 మెసేజ్‌ల దాకా, లేకుండా 40,000 దాకా వస్తాయి. టెలిగ్రామ్‌లో ఇది కంప్యూటర్ యాప్‌లోనే ఉంటుంది, కొత్తగా లాగిన్ అయిన కంప్యూటర్‌లో 24 గంటలు ఆగమంటుంది. రేపు ఆపుతారన్న వార్త ఈ రాత్రి వస్తే ఆ 24 గంటలు మీకు దొరకవు, కాబట్టి లాగిన్ ఈరోజే చేసి పెట్టుకోండి. అందరి ఫోన్ నంబర్లూ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. యాప్‌లో పేరుతో మాత్రమే ఉన్నవాళ్ల నంబరు అడిగి రాసుకోండి, దేశం కోడ్‌తో సహా.