నాథులా వెళ్లేముందు గ్యాంగ్‌టక్‌లో రెండు రాత్రులు

ఎండలకు సిక్కిం టికెట్లు తీసుకునే బెజవాడ వాళ్లకు ఒక్క మాట. చైనా సరిహద్దులోని నాథులా కనుమ ట్రిప్పును గ్యాంగ్‌టక్ చేరిన మర్నాడే పెట్టుకోకండి, కనీసం రెండు రాత్రులు అక్కడ ఆగండి.

మన ఊరు సముద్రమట్టానికి 30 మీటర్ల లోపే. గ్యాంగ్‌టక్ దాదాపు 1,650. అక్కణ్నుంచి ఒక్క పూటలో హిమానీనదం మలిచిన సోంగో సరస్సు (సుమారు 3,750) దాటి, 4,310 మీటర్ల కనుమ ఎక్కేస్తాం. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరున్నదానిలో 60 శాతమే. మా బాబాయి మంగళగిరి కొండ మెట్లు ఆగకుండా ఎక్కే మనిషి. నాథులాలో నాలుగు మెట్లకే తలపోటు, వాంతి. కాళ్ల బలం వేరు, ఎత్తుకు ఒళ్లు అలవాటుపడటం వేరు.

సోంగో ఒడ్డున ఫొటోల కోసం పరుగెత్తకుండా కాసేపు మెల్లగా నడవండి, నీళ్లు తాగుతూ ఉండండి. తలనొప్పితో పాటు వాంతి మొదలైతే ఆలోచించకుండా కిందికి దిగిపోవాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే ఇక్కడే డాక్టర్ని అడిగి బయల్దేరండి.

పర్మిట్ ముందే తీసుకోవాలి. సోమ, మంగళవారాలు సాధారణంగా పంపరు. 1962 యుద్ధంతో మూతపడి, 2006లో మళ్లీ వర్తకానికి తెరుచుకున్న దారి అది. తల తిరక్కుండా నిలబడి చూడాలి దాన్ని.