ఎమ్మారై తోడుతో తేటపడ్డ పెట్ బొమ్మ

గుంటూరు ఎండల్లో లాప్‌టాప్ పొయ్యిలా కాగుతుంటే మెదడు పెట్ స్కాన్ (ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం ఎక్కడ పోగైందో చూపే స్కాన్) డేటాతో కుస్తీ పట్టాను. ఆ డేటా నుంచి బొమ్మను కట్టే ఓసెమ్ పద్ధతిలో ఇటరేషన్లు (లెక్కను మళ్ళీ మళ్ళీ తిప్పడం) పెంచితే బొమ్మంతా చుక్కలు. చుక్కల్ని నునుపు చేసే గాసియన్ ఫిల్టర్ వేస్తే మెదడు పైపొర కార్టెక్స్ అలుక్కుపోయేది. కార్టెక్స్ మందం 2-4 మిల్లీమీటర్లే, పెట్ స్పష్టతేమో సుమారు 4-5. ఇక ఏం కనిపిస్తుంది!

బొమ్మ కట్టేటప్పుడు ఎమ్మారైని ఆసరాగా తీసుకునే బౌషర్ ప్రయర్ అనే నియమంతో దారి దొరికింది. ఒక్కో వాక్సెల్ (బొమ్మలోని చిన్న ఘనపు గడి) చుట్టూ ఉన్నవాటిలో, ఎమ్మారైలో దాని విలువకు దగ్గరగా ఉన్నవాటినే ఎంచుకుని, వాటితోనే నునుపు చేస్తుంది. దాంతో కార్టెక్స్‌లోని గ్రే మేటర్ సిగ్నల్ దాని కిందున్న వైట్ మేటర్‌లోకి కారడం బాగా తగ్గింది.

అయినా ఒక పక్క అంచు జంటగా వచ్చింది. పెట్, ఎమ్మారై స్కాన్ల మధ్య తల కాస్త తిరిగింది, అంతే. మ్యూచువల్ ఇన్ఫర్మేషన్‌తో (రెండు బొమ్మలు ఎంత సరిపోలాయో చెప్పే కొలత) ఎమ్మారైని పెట్‌కి రిజిడ్‌గా, అంటే ఆకారం మార్చకుండా జరిపి తిప్పి, అమర్చి మళ్ళీ నడిపితే సర్దుకుంది.

ఎమ్మారైలో ఆనవాలు లేని చిన్న మచ్చని ఈ పద్ధతి మసకబార్చవచ్చు. అందుకే మామూలు ఓసెమ్ బొమ్మని కూడా పక్కనే పెట్టుకుని చూస్తున్నాను.