దోర మామిడి సల్సా: కొత్తిమీర, పుదీనాతో

సల్సా అంటే మెక్సికన్ల పచ్చడి లాంటిది, మొక్కజొన్న చిప్స్‌తో నంజుకుంటారు. దానికి మామిడిపండు కొనేటప్పుడు, మామూలుగా మనం పండు ఎంచుకునే పద్ధతిని కాస్త పక్కన పెట్టాలి. గదంతా ఘుమఘుమలాడే పండు, నొక్కితే వేలు దిగే పండు దీనికి పనికిరాదు. కావాల్సింది దోరకాయ. ఇంకో రెండు రోజులాగితే పండిపోతుంది అనిపించాలి. కోస్తే లోపల పసుపు తిరిగి ఉండాలి, ముక్క మాత్రం చాకు కింద నలగకుండా నిలబడాలి. నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనకాలే పులుపు తెలియాలి. ఇది కుదిరితే మిగతా పని తేలిక. కుదరకపోతే ఎన్ని నిమ్మకాయలు పిండినా మిగిలేది మామిడి గుజ్జులో ఉల్లిపాయ ముక్కలే.

మాది నూజివీడు దగ్గర. చిన్నరసాలు, పెద్దరసాలు జుర్రుకుంటూ పెరిగాను కాబట్టి వాటినేమీ అనను కానీ, పీచుతో నీరుకారే రసాలు సల్సాకి కావు. కోసుకు తినే రకమే కావాలి. ఊళ్లో ఉన్నవాళ్లు బంగినపల్లి దోరగా ఉన్నప్పుడు కొనండి. కలెక్టరు మామిడి దొరికితే ఇంకా మంచిది, దాని కండ గట్టిగా ఉంటుంది, పులుపూ పూర్తిగా పోదు.

అమెరికాలో నేనుండే డాలస్ దగ్గర మార్చి నుంచి జులై దాకా మెక్సికన్ కొట్లలో ఆతాల్ఫో రకం పెట్టెల కొద్దీ దొరుకుతుంది. చిన్నగా, పలకబారినట్టు ఉండే పసుప్పచ్చ కాయ, ఎక్కువగా మెక్సికో దక్షిణాన ఉన్న చియాపాస్ లాంటి రాష్ట్రాల నుంచి వస్తుంది. టెంక పల్చన, పీచు దాదాపు ఉండదు. పూర్తిగా పండితే దీని తొక్క ముడతలు పడుతుంది, ముడతలు మొదలవక ముందే కొనాలి. ఎర్రగా నిగనిగలాడే టామీ అట్కిన్స్ రకం ఏడాదిలో ఎక్కువ కాలం ఉంటుంది. దాని ఎరుపు చూసి పండిందనుకోవద్దు, ఆ రంగుకీ పండటానికీ సంబంధం లేదు. తొడిమ పక్కన భుజం దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి, కొద్దిగా మాత్రమే లొంగాలి. ఇక ఇండియా నుంచి వచ్చే మామిడిపండ్ల పెట్టెలు. 2007 నుంచి పురుగులు రాకుండా రేడియేషన్ శుద్ధి చేసి ఇక్కడికి పంపిస్తున్నారు కదా, అంత ధర పెట్టి కొన్నవాటిని ఉల్లిపాయల్లో కలపడానికి నాకు చేతులు రావు. అవి అలాగే తినండి.

నలుగురికి ఇవీ కొలతలు: ఆతాల్ఫో అయితే మూడు, బంగినపల్లి అయితే పెద్దది ఒకటి. ఎర్ర ఉల్లిపాయ సగం. హలపేన్యో మిరపకాయ ఒకటి. నిమ్మకాయ పెద్దదైతే ఒకటి, మన ఊరి చిన్న నిమ్మకాయలైతే రెండు. సన్నగా తరిగిన కొత్తిమీర గుప్పెడు, పుదీనా ఆకులు ఎనిమిదో పదో, ఉప్పు అర చెంచా. కరకరలాడటానికి సగం కీరా. మెక్సికన్ కొట్లో హికామా అనే దుంప దొరికితే కీరా బదులు అది వేయండి, తెల్లగా, తియ్యగా, నీళ్లోడకుండా ఉంటుంది.

ముందు ఉల్లిపాయ. వీలైనంత సన్నగా తరిగి, చిన్న గిన్నెలో వేసి, నిమ్మరసం మొత్తం దానిమీదే పిండి, చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేయండి. ఘాటు తగ్గి, ముక్కలు గులాబీ రంగుకి తిరుగుతాయి. మా ఆఫీసులో పనిచేసే మెక్సికో ఆవిడ చెప్పిన పద్ధతి ఇది. అంతకుముందు నేను చల్లనీళ్లలో నానబెట్టి పిండేదాన్ని. అదీ బాగానే ఉంటుంది, కానీ నిమ్మరసంలో ఊరిన ఉల్లి రుచి వేరు.

ఈలోపు మామిడి. కాయని నిలబెట్టి, టెంకకి రెండు వైపులా చెంపలు కోయండి. చెంపని బోర్లా పెట్టి, తొక్క తీసి, ముందు పలకలుగా, తర్వాత పుల్లలుగా, ఆఖరున అడ్డంగా కోస్తే చిన్న చిన్న పలుకులు వస్తాయి. సెంటీమీటరుకి మించకూడదు. చిప్స్ మీద ఎత్తుకుంటే ఒక్కసారికే మామిడి, ఉల్లి, ఆకు మూడూ నోట్లోకి రావాలి, అందుకే అంత పట్టుదల. చాకు పదునుగా ఉండాలి, మొద్దు చాకు ముక్కని కోయదు, నలుపుతుంది. మిక్సీ జోలికి వెళ్లొద్దు. మెక్సికోలో కాల్చిన టమాటా, మిరపకాయలు రాతిరోట్లో నూరే సల్సాలు వేరే ఉన్నాయి, ఇది పచ్చిగా తరిగి కలిపే రకం. మామూలుగా టమాటాతో చేస్తారు, ఇక్కడ దాని చోట మామిడి కూర్చుంది. టెంక మీద మిగిలిన కండ వంట చేసేవాళ్ల వాటా.

మిరపకాయ సంగతి. కారమంతా గింజల్లో ఉంటుందనుకుంటాం కానీ, అసలు కారం గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. అది గీకేస్తే కారం చాలావరకు పోతుంది, ఉంచుకుంటే మండుతుంది. హలపేన్యోలు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి కాబట్టి తొడిమ వైపు చిన్న ముక్క కొరికి చూసి ఎంత వేయాలో నిర్ణయించుకోండి. ఊళ్లో అయితే బజ్జీ మిరపకాయ దీనికి దగ్గరగా ఉంటుంది, కండపట్టి, కారం తక్కువగా. అది చాలదనిపిస్తే మామూలు పచ్చిమిర్చి ఒక సగం కలపండి. తరిగాక ఆ చేత్తో కళ్లు నలుపుకోవద్దు. ఆ మంట ఉత్త నీళ్లకి పోదు, వేళ్లకి కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి.

ఆకుల దగ్గరే చాలామంది తొందరపడతారు. కొత్తిమీర కట్టని పెద్ద గిన్నె నీళ్లలో ముంచి ఆడించి, ఆకుని పైనుంచి చేత్తో ఎత్తుకోండి, ఇసుక అడుగున ఉండిపోతుంది. నీళ్లతో పాటు వంచితే ఆ ఇసుక మళ్లీ ఆకు మీదే పడుతుంది. నీళ్లు తేటగా అయ్యేదాకా ఇలా మార్చి, పొడిగుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఆకు చాకుకి అంటుకుని ముద్దవుతుంది, ఆ తడి సల్సాలోకి దిగి రుచి పల్చనవుతుంది. కాడలు పారేయకండి. లేత కాడల్లో ఆకులోకంటే ఎక్కువ వాసన ఉంటుంది, సన్నగా తరిగితే పంటి కింద బాగుంటాయి కూడా. పుదీనా మాత్రం కాడ వద్దు, ఆకులే. తరిగి పెట్టేస్తే అంచులు నల్లబడతాయి, అందుకని వడ్డించే ముందు నాలుగైదు ఆకులు కలిపి చుట్టి, ఒక్కసారి సన్నగా కోసి, వెంటనే వేసేయాలి. అటూ ఇటూ చాకు ఆడిస్తూ పొడి చేయొద్దు. పుదీనా ఎక్కువైతే మామిడిని మింగేస్తుంది. కొత్తిమీర ఎక్కువైనా ఏమీ కాదు.

ఇప్పుడు కలపడం. మామిడి, కీరా, మిరపకాయ, కొత్తిమీర పెద్ద గిన్నెలో వేసి, ఊరిన ఉల్లిని నిమ్మరసంతో సహా పోసి, గరిటెతో కిందనుంచి పైకి రెండు మూడు సార్లు తిప్పండి. మిగతా ఉప్పు తినబోయే పావుగంట ముందు వేయండి. ఉప్పు పడగానే పండు నీరు వదులుతుంది. పావుగంటలో వచ్చే కాస్త రసం అన్నిటినీ కలుపుతుంది, రెండు గంటలాగితే సగం గిన్నె నీళ్లే. పుదీనా ఆఖరున. రుచి చూసేటప్పుడు దేంతో తింటారో దాంతోనే చూడండి. ఉప్పు చిప్స్‌తో తినే సల్సాకి ఉప్పు తగ్గించాలి, వేయించిన చేప పక్కన పెట్టేదానికి సరిపడా ఉండాలి.

మా అత్తయ్య మొదటిసారి చూసి, "ఏమ్మా, దీనికి తాలింపు వేయలేదేం?" అన్నారు. వేయొద్దు. జీలకర్ర పొడి, చాట్ మసాలా కూడా వద్దు, అవి పడ్డాక అది చాట్ అవుతుంది, సల్సా కాదు. కారం ఇంకా కావాలంటే పైన ఎండుకారం చిటికెడు చల్లుకోండి. మెక్సికోలో బండ్ల మీద అమ్మే మామిడి, కీరా, హికామా ముక్కల మీద నిమ్మరసం, కారం చల్లే ఇస్తారు, కాబట్టి అందులో తప్పు లేదు.

మామిడి లేని నెలల్లో అనాస బాగుంటుంది. పెనం మీద నూనె లేకుండా కాస్త మచ్చలు పడేదాకా కాల్చి, చల్లార్చి తరగండి. ఇక్కడ జూన్, జులైలలో టెక్సస్ పీచ్ పండ్లు వస్తాయి, వాటికి పుదీనా బదులు తులసి జాతిదే అయిన ఇటాలియన్ బేసిల్ ఆకు వేస్తే కుదురుతుంది. మన తులసి వేయొద్దు, దాని లవంగపు ఘాటు పండుని తొక్కేస్తుంది. ఊళ్లో దోర జామకాయతో చేయొచ్చు, గింజల భాగం తీసేసి. పుచ్చకాయ నాకు నచ్చదు, ఉప్పు చూడగానే నీరైపోతుంది.

చిప్స్ లేకపోతే అప్పడాలు కాల్చుకోండి. పెసరట్టు మీద కూడా మా ఇంట్లో బాగా పోతుంది. బయట పిక్నిక్ అయితే గిన్నె ఐసు మీద పెట్టండి. కోసిన పండు మామూలుగా రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. ఫ్రిజ్‌లో మూత పెట్టి రెండు రోజులు. ఆవకాయలాగా నిలవ ఉంటుందని సీసాలకెత్తొద్దు, దీంట్లో అంత ఉప్పూ లేదు, నూనే లేదు.

మర్నాటికి ముక్క మెత్తబడి, ఆకు వాడిపోతుంది. అడుగున చేరిన రసాన్ని మజ్జిగలో కలుపుకుని తాగండి. ముక్కల్ని ఉడికిన కందిపప్పులో వేసి ఐదు నిమిషాలు ఉడకనిచ్చి, మా అత్తయ్య అడిగిన తాలింపు అప్పుడు వేయండి, ఇంగువ కాస్త ఎక్కువగానే.