ఎలుకలపై ఆహార ప్రయోగం: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఈ వేసవిలో ఆహారం, పెద్దపేగు క్యాన్సర్ నివారణపై ఎలుకలతో పని మొదలుపెడుతున్న హైదరాబాద్ పరిశోధక విద్యార్థుల కోసం.

• పోల్చే మేత సరైనదేనా? ఒక గుంపుకు మామూలు ధాన్యపు మేత, మరో గుంపుకు కొవ్వు కలిపిన శుద్ధ మేత (విడివిడిగా శుద్ధి చేసిన పదార్థాలతో చేసింది) పెడితే, తేడా కొవ్వు వల్లనో పీచు వల్లనో తేలదు. నెలల శ్రమ, అంతకుమించి అన్ని ప్రాణాలు వృథా అవుతాయి. రెండింటికీ ఏఐఎన్-93 (ప్రయోగశాల ఎలుకల కోసం నిర్ణయించిన ప్రామాణిక శుద్ధ మేత) వంటి ఒకే సూత్రంతో తయారైన మేత వాడండి.

• కొవ్వు పెరిగితే ఎలుక తక్కువ తింటుంది, దాంతో మిగతా పోషకాలూ తగ్గుతాయి. ప్రోటీన్, విటమిన్లు, కాల్షియంను కేలరీల లెక్కన సరిచేయండి.

• ఎలుకల్లో పెద్దపేగు కణితులు తెప్పించే రసాయనం అజాక్సీమీథేన్ ఇస్తున్నారా? పరీక్షించే పదార్థాన్ని ఇంజెక్షన్ల కంటే ముందే మొదలుపెడితే, కాలేయంలో ఆ రసాయనం చురుకుకావడాన్నే అది అడ్డుకోవచ్చు. అప్పుడు కణితులు తగ్గినా, ఆహారమే పేగును కాపాడిందని చెప్పలేం. కనీసం ఒక గుంపుకు ఇంజెక్షన్లు పూర్తయ్యాకే ఇవ్వండి. నా దృష్టిలో ఇది తప్పనిసరి.

• ఏపీసీ-మిన్ చిట్టెలుకల్లో (ఏపీసీ జన్యువులో మార్పు వల్ల వాటంతటవే పేగు కణితులు వచ్చే రకం) కణితులు ఎక్కువగా చిన్నపేగులో వస్తాయి. పెద్దపేగు ప్రశ్నకు అది గుర్తుండాలి.

• ఎలుకలు మలం తింటాయి, ఒకే పంజరంలో ఉన్నవాటి పేగు బ్యాక్టీరియా ఒకేలా మారుతుంది. ప్రతి గుంపునూ అనేక పంజరాల్లో పంచండి.

• మేత చల్లగా దాచండి. మన మే నెల ఎండలకు నూనె త్వరగా చెడుతుంది.

• బరువు ఎంత తగ్గితే ప్రయోగం ఆపాలో ముందే రాసి, జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకోండి. బాధపడుతున్న జంతువును చివరి తేదీ వరకు ఉంచకూడదు.