జెస్ట్‌లో అసింక్ టెస్టులు: ఎప్పుడూ పాసయ్యేవి, ఐదు సెకన్లకు ఆగిపోయేవి

జావాస్క్రిప్ట్ కోడ్‌ని పరీక్షించే సాధనం జెస్ట్, ఒక అసింక్ టెస్టు మామూలుగా ఐదు సెకన్లలో ముగియకపోతే దాన్ని ఫెయిల్ చేస్తుంది. ఆ గడువుని, అంటే టైమవుట్‌ని, 30000 మిల్లీసెకన్లకు పెంచే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ లైనుతో బాగుపడే టెస్టులు చాలా తక్కువ. మిగతావి 5 సెకన్లకు ఫెయిలయ్యే బదులు 30 సెకన్లకు ఫెయిలవుతాయి, అంతే. ముందు టెస్టు ఫైలు తెరిచి, ప్రామిస్ (తర్వాత వచ్చే ఫలితానికి హామీ) ఇచ్చే ప్రతి కాల్ ముందు అవెయిట్ (ఆ ఫలితం వచ్చేదాకా ఆగమనే మాట) ఉందో లేదో చూడండి. అడిగితే అందరూ "చూశాం" అనే అంటారు. సగంమంది చూసి ఉండరు.

కోడ్ చెడగొట్టినా టెస్టు పాసవుతోంది

దాదాపు ఎప్పుడూ అవెయిట్ మర్చిపోవడమే. ముఖ్యంగా ఎక్స్‌పెక్ట్ (వచ్చిన విలువని రావాల్సిన దానితో పోల్చేది) తర్వాత రిజెక్ట్స్, రిజాల్వ్స్ వాడిన చోట. ఆ లైను మొత్తం ఒక ప్రామిస్. దాని ముందు అవెయిట్ గానీ రిటర్న్ గానీ లేకపోతే, పోలిక జరిగేలోపే ఫంక్షన్ అయిపోతుంది, జెస్ట్ పచ్చ టిక్కు పెట్టేస్తుంది.

రెండో చోటు, జాబితాలో ఒక్కోదానికీ ఒక ఫంక్షన్ నడిపే ఫర్‌ఈచ్. లోపల ఇచ్చిన అసింక్ (అవెయిట్ వాడగలిగే) ఫంక్షన్ తిరిగిచ్చే ప్రామిస్‌లను అది పట్టించుకోదు. లోపల ఎన్ని అవెయిట్‌లు రాసినా బయట ఎవరూ ఆగరు. ఫర్-ఆఫ్ లూప్ రాయండి, లేదా మ్యాప్ చేసి ప్రామిస్ డాట్ ఆల్‌కి ఇచ్చి దాన్ని అవెయిట్ చేయండి.

పరీక్ష చాలా సులువు: రావాల్సిన విలువ చోట ఏదో చెత్త విలువ పెట్టి రన్ చేయండి. ఎర్రగా మారకపోతే ఆ టెస్టు ఏమీ చూడట్లేదన్నమాట. టైప్‌స్క్రిప్ట్ ప్రాజెక్ట్ అయితే కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్‌లో నో-ఫ్లోటింగ్-ప్రామిసెస్ రూల్ ఆన్ చేస్తే అవెయిట్ మర్చిపోయిన లైన్లు చాలావరకు రాసేటప్పుడే దొరికిపోతాయి.

5000 మిల్లీసెకన్లు దాటింది అంటూ ఫెయిలవుతోంది

పాత పద్ధతిలో, టెస్టు అయిపోయిందని చెప్పే డన్ కాల్‌బ్యాక్ వాడుతుంటే, దాన్ని పిలవకముందే ఎక్స్‌పెక్ట్ ఎర్రర్ విసిరిందేమో చూడండి. వీలైతే డన్ తీసేసి అసింక్ ఫంక్షన్‌గా మార్చేయండి. అవెయిట్‌లన్నీ సరిగ్గా ఉండి, డన్ కూడా లేకుండా, ఫైల్లో ఎక్కడో యూజ్‌ఫేక్‌టైమర్స్ (నిజం గడియారం బదులు మనమే జరిపే నకిలీ గడియారం) అని కనిపిస్తే మాత్రం అసలు దొంగ అక్కడుంది.

ఒక రీట్రై ఫంక్షన్ తీసుకుందాం. సర్వర్‌ని అడుగుతుంది, ఎర్రర్ వస్తే 1000 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది. టెస్టులో మాక్ (సర్వర్ బదులు పెట్టిన నకిలీ) మొదటిసారి రిజెక్ట్ చేస్తుంది, రెండోసారి డేటా ఇస్తుంది. మీరు ఫంక్షన్‌ని పిలిచి, వచ్చిన ప్రామిస్‌ని పక్కన పెట్టుకుని, అడ్వాన్స్‌టైమర్స్‌బైటైమ్‌తో గడియారాన్ని 1000 ముందుకు జరిపి, తర్వాత ఆ ప్రామిస్‌ని అవెయిట్ చేశారు. చదివితే తప్పేమీ కనిపించదు. రన్ చేస్తే ఆగిపోతుంది.

ఎందుకంటే ఫంక్షన్ తన మొదటి అవెయిట్ దాకానే వెంటనే నడుస్తుంది. మాక్ ఇచ్చిన రిజెక్షన్‌ని క్యాచ్ పట్టుకోవాలంటే మైక్రోటాస్క్‌ల (నడుస్తున్న కోడ్ ఆగాక నడిచే ప్రామిస్ పనుల) వంతు రావాలి. మీ టెస్టు కోడ్ ఎక్కడో ఒకచోట ఆగితే తప్ప ఆ వంతు రాదు. మీరేమో ఆగకుండా తర్వాతి లైన్లోనే గడియారం జరిపేశారు. అప్పటికి, ఆ 1000 మిల్లీసెకన్లు ఆగాల్సిన సెట్‌టైమవుట్ ఇంకా పుట్టనే లేదు. తర్వాత అవెయిట్ దగ్గర ఆగారు, క్యాచ్ నడిచింది, సెట్‌టైమవుట్ ఇప్పుడు రిజిస్టర్ అయింది, అదీ గడియారం 2000 చూపించినప్పుడు మోగేలా. దాన్ని 2000కి జరిపేవాళ్లు ఎవరూ లేరు. జెస్ట్ సొంత టైమవుట్ మాత్రం నిజం గడియారం మీద నడుస్తుంది కాబట్టి ఐదు సెకన్లకు టెస్టుని ఆపేస్తుంది.

నిర్ధారించుకోవడానికి, గడియారం జరిపే లైనుకి సరిగ్గా ముందు ఎన్ని టైమర్లు ఎదురుచూస్తున్నాయో చెప్పే జెస్ట్ గెట్‌టైమర్‌కౌంట్‌ని ప్రింట్ చేయండి. సున్నా వస్తే ఇదే రోగం.

మందు: అడ్వాన్స్‌టైమర్స్‌బైటైమ్‌అసింక్. జెస్ట్ 29.5 నుంచి ఉంది. టైమర్లను నడిపే ముందు, నడుపుతూ మధ్యలో కూడా ప్రామిస్‌లకు వంతు ఇస్తుంది, అందుకే మూడు నాలుగు రీట్రైలున్నా పనిచేస్తుంది. దీని ముందు కూడా అవెయిట్ ఉండాలి, ఇక్కడా మర్చిపోయేవాళ్లున్నారు. పాత వెర్షన్ అయితే మధ్యలో ఖాళీ ప్రామిస్ డాట్ రిజాల్వ్‌ని అవెయిట్ చేసి నెట్టుకురావచ్చు కానీ, కోడ్‌లో ఒక అవెయిట్ పెరగ్గానే టెస్టు మళ్లీ ఆగిపోతుంది. వెర్షన్ పెంచుకోవడమే మేలు.

ఇంకో మెలిక ఉంది. చివరికి ఫంక్షన్ ఫెయిలవ్వాలని పరీక్షిస్తుంటే, ఎక్స్‌పెక్ట్-రిజెక్ట్స్ లైనుని గడియారం జరపడానికి ముందే రాసి ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి, జరిపాక దాన్ని అవెయిట్ చేయండి. లేకపోతే జరుపుతున్నప్పుడే రిజెక్షన్ వచ్చేస్తుంది, పట్టుకునేవాళ్లు ఉండరు, సంబంధం లేని ఎర్రర్ చూస్తూ కూర్చోవాలి.

యూజర్ క్లిక్‌లు, టైపింగ్‌ని అనుకరించే లైబ్రరీ యూజర్-ఈవెంట్ 14తో క్లిక్ దగ్గర ఆగిపోయినా ఇదే కుటుంబం. దాని సెటప్‌కి అడ్వాన్స్‌టైమర్స్ ఆప్షన్ ఇవ్వండి.

నా మెషీన్‌లో పాస్, సీఐలో (కోడ్ పంపగానే టెస్టులు నడిపే సర్వర్‌లో) అప్పుడప్పుడూ ఫెయిల్

టెస్టులో 500 మిల్లీసెకన్లు నిద్రపోయే లైను ఎవరో పెట్టి ఉంటారు. తీసేసి టెస్టింగ్ లైబ్రరీ వెయిట్‌ఫర్ పెట్టండి. మామూలుగా అది ప్రతి 50 మిల్లీసెకన్లకోసారి చూస్తూ 1000 వరకు ఆగుతుంది, ముందే దొరికితే ముందే వెళ్లిపోతుంది.

మిగతావి

"టెస్టులయ్యాక లాగ్ చేయలేం" అనే మెసేజ్ వస్తే అది చావు కబురు చల్లగా చెప్పడమే: ఎక్కడో అవెయిట్ లేదు, మొదటికి వెళ్లండి. టెస్టులన్నీ పాసై జెస్ట్ మాత్రం బయటికి రాకపోతే డేటాబేస్ కనెక్షనో సర్వరో తెరిచి వదిలేశారు. టెస్టులన్నీ అయ్యాక నడిచే ఆఫ్టర్‌ఆల్‌లో మూసేయండి, ఏదో తెలియకపోతే డిటెక్ట్-ఓపెన్-హ్యాండిల్స్ ఫ్లాగ్‌తో రన్ చేయండి. టెస్టు నిజంగానే ఐదు సెకన్లకు మించి పనిచేస్తుంటే, అప్పుడు టైమవుట్ పెంచుకోండి, ఆ ఒక్క టెస్టుకే.