పుష్-అప్ నేల మీద మొదలుపెట్టకండి: ఒంటి బరువుతో కసరత్తు ఎలా మొదలుపెట్టాలి?

"నేను రోజుకి యాభై పుష్-అప్స్ తీస్తా" అని ఎవరైనా అంటే, ఒక్కసారి పక్కనుంచి వీడియో తీసి పంపమని అడగడం నాకు అలవాటైపోయింది. వీడియోలో కనిపించేది దాదాపు ప్రతిసారీ ఒకటే. నడుము ఊయలలా కిందికి వేలాడుతుంటుంది, మోచేతులు రెండు పక్కలకీ విచ్చుకుని ఉంటాయి, ఛాతీ ఉన్నచోటే ఉండి తల మాత్రం పైకీ కిందికీ ఊగుతుంటుంది, గోడ మీద తొండ ఊపినట్టు. అవి యాభై కావు. నా లెక్కలో సున్నా.

కాలిస్థెనిక్స్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. గ్రీకు మాటల్లో కల్లోస్ అంటే అందం, స్థెనోస్ అంటే బలం, ఆ రెండూ కలిపి పెట్టిన పేరు. ఇనుము ఎత్తే బదులు మన ఒళ్లే మనకి బరువు, అంతే. దండీలు, బస్కీలు, బార్ పట్టుకుని పైకి లేవడం, అన్నీ ఇందులోవే. అయితే ఇక్కడో చిక్కుంది. డంబెల్ అయితే ఐదు కిలోలది కష్టంగా ఉంటే రెండు కిలోలది తీసుకుంటాం. ఒంటి బరువుని అలా తగ్గించుకోలేం కదా, అందుకే కోణం మార్చాలి, ఎత్తు మార్చాలి, వేగం మార్చాలి. ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్లే జనం మొదటిరోజే నేల మీద పడి, వారానికి భుజం పట్టుకుని మానేస్తారు.

ముందు సామాను

జారని నేల, ఒక గోడ, కదలని గట్టు, వేలాడటానికి ఏదైనా గట్టి బార్. మ్యాట్ ఉంటే సరే, లేకపోతే మానె. గ్లవ్స్ వద్దు. షూస్ కూడా వద్దు, వట్టి కాళ్లతోనే చేయాలి, దీని మీద నాతో వాదించకండి. గుండె జబ్బు, బీపీ, పాత గాయం లాంటివి ఉంటే డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

వార్మప్ ఐదు నిమిషాలు చాలు. ఉన్నచోటే కాస్త నడక, చేతులు గుండ్రంగా తిప్పడం, మణికట్లు అటూ ఇటూ తిప్పడం. మణికట్లు మాత్రం మర్చిపోవద్దు, మీ బరువు మోసేది అవే.

కాళ్లకి బస్కీలు

ఇది తేలికే. వెనక కుర్చీ పెట్టుకుని నిలబడండి, పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కాస్త బయటికి. పిరుదులు కుర్చీకి తగిలేదాకా మెల్లగా దిగి, కూర్చోకుండా లేవండి. మడమలు లేవకూడదు, మోకాళ్లు లోపలికి వాలకుండా కాలివేళ్లు చూసే వైపే వెళ్లాలి. మోకాలు వేళ్లని దాటితే అరిగిపోతుందని భయపెడతారు గానీ, మడమ నేలమీదే ఉండి నొప్పి లేకపోతే కాస్త దాటినా కొంపేం మునగదు. పదేసి చొప్పున మూడు సెట్లు. తేలికైపోయాక కుర్చీ తీసేసి ఇంకా కిందికి దిగండి.

పుష్-అప్: ఇక్కడ తొందరపడకండి

నేల మీద మామూలు పుష్-అప్‌లో, పైన ఉన్నప్పుడు మీ బరువులో సుమారు మూడింట రెండు వంతులు చేతుల మీద ఉంటుంది. కిందికి దిగేసరికి అది 75 శాతం దాకా పెరుగుతుంది. అంటే 70 కిలోల మనిషి 50 కిలోల పైచిలుకు తోస్తున్నాడన్నమాట. జీవితంలో ఎప్పుడూ బరువెత్తని మనిషి చేతికి మొదటిరోజే 50 కిలోల బార్ ఇస్తామా? అదే చేతులు 60 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద పెడితే బరువు 40 శాతం దగ్గరికి వస్తుంది, గోడకైతే ఇంకా తక్కువ. కాబట్టి గోడ దగ్గర మొదలుపెట్టండి. సిగ్గుపడకండి, ఎవరూ చూడటం లేదు.

"మరి మోకాళ్ల మీద చేయొచ్చు కదా?" అని అడుగుతారు. చేయొచ్చు, చేతుల మీద పడే బరువు ఒంటి బరువులో సగం దగ్గరికి తగ్గుతుంది కూడా. కానీ మోకాళ్లు ఆనించగానే తొడలు, పిరుదులు, పొట్ట బిగించి ఒళ్లంతా ఒక్క కర్రలా నిలబెట్టే పని చాలావరకు తప్పిపోతుంది, పుష్-అప్‌లో సగం కష్టం అదే. మోకాళ్ల మీద ముప్పై తీసి, నేల మీద ఒక్కటి కూడా తీయలేక బిక్కమొహం వేసినవాళ్లని చాలామందిని చూశాను. ఎత్తు తగ్గించుకుంటూ వచ్చే పద్ధతిలో మొదటిరోజు నుంచీ ఒంటి తీరు ఒకటే, బరువు మాత్రమే పెరుగుతుంది. మోకాళ్లతో మొదలుపెట్టి బాగుపడ్డవాళ్లు లేరా అంటే ఉన్నారు. నా దగ్గరికి వచ్చి ఉంటే ఇంకా త్వరగా బాగుపడేవాళ్లు.

ఇక అసలు పని. చేతులు గోడ మీదో గట్టు మీదో భుజాల కంటే కాస్త ఎడంగా పెట్టి, కాళ్లు వెనక్కి జరిపి, ఒళ్లు వంకర లేకుండా ఏటవాలుగా నిలపండి. ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా పిలిచి ఒక పొడవాటి కర్ర, నేల తుడిచే కర్రైనా సరే, మీ వీపు మీద నిలువునా పెట్టమనండి. కర్ర మూడు చోట్ల తగలాలి: తల వెనక, రెండు రెక్క ఎముకల మధ్య, పిరుదుల పైనున్న ఎముక దగ్గర. నడుము దగ్గర కర్రకీ ఒంటికీ మధ్య అరచేయి దూరేంత సందు ఉంటే ఫర్వాలేదు. పిడికిలి దూరిందా, నడుము జారిపోయింది. తల దగ్గర కర్ర తగలడం లేదా, మెడ కిందికి వేలాడేశారు. గట్టిగా ఒకసారి దగ్గండి, పొట్ట ఒక్కసారిగా బిగుసుకుంటుంది కదా, ఆ బిగువుని అలాగే ఉంచండి, కానీ ఊపిరి మాత్రం బిగబట్టకండి. పిరుదులు కూడా గట్టిగా బిగించండి. దీనికే ఒళ్లు వణికితే ఆ రోజుకి అదే మీ వ్యాయామం, ఇరవై సెకన్లు నిలబడి దిగిపోండి. ఈ భంగిమ రాకుండా చేయి మడిచి లాభం లేదు.

తర్వాత మోచేతులు. పైనుంచి ఎవరైనా చూస్తే మీ ఒళ్లూ చేతులూ కలిసి బాణం మొనలా కనిపించాలి. తలుపు గడియలా అడ్డంగా కాదు. మోచేయి ఒంటికి సుమారు 45 డిగ్రీల్లో వెనక్కి వెళ్లాలి. అడ్డంగా విచ్చుకుంటే భుజం ముందు భాగం మీద భారం పెరుగుతుంది, ఎక్కువమందికి నొప్పి వచ్చేది అక్కడే. అరచేతులు ఉన్నచోటే ఉంచి, రెండింటినీ బయటివైపుకి తిప్పుతున్నట్టు బలం పెట్టి చూడండి, మోచేతులు వాటంతటవే లోపలికి వస్తాయి.

మూడోది ఎవరూ పట్టించుకోనిది, వీపు మీది రెక్క ఎముకలు. కిందికి దిగుతున్నప్పుడు అవి దగ్గరికి రావాలి, పైకి వచ్చాక నేలని ఇంకా కిందికి నెడుతున్నట్టు తోసి వాటిని ఎడం చేయాలి. "రెక్కలు బిగించి అలాగే ఉంచు" అని చెప్పేవాళ్లున్నారు, అది బెంచీ మీద పడుకుని బరువు పైకి తోసే బెంచ్ ప్రెస్‌కి చెప్పే సలహా. అక్కడ వీపు బెంచీకి ఆని ఉంటుంది, ఇక్కడ వీపు వెనక ఏమీ లేదు, రెక్కలు కదలాలి. పక్కటెముకల మీంచి రెక్క ఎముకకి పట్టుకుని ఉండే సెరేటస్ యాంటీరియర్ అనే కండరం పనిచేసేది ఆ చివరి తోపులోనే. అర్థం కాకపోతే, మోచేతులు అసలు మడవకుండా, ఛాతీని రెండు చేతుల మధ్యకి జారవిడిచి మళ్లీ పైకి తోయండి. కదలిక రెండు అంగుళాలు కూడా ఉండదు. ఇలా పదిసార్లు, ప్రతిసారీ పుష్-అప్స్‌కి ముందు.

ఇప్పుడు దిగండి. మూడు అంకెలు లెక్కపెడుతూ కిందికి, గట్టు అంచుకి ఛాతీ కింది భాగం తగలాలి, గడ్డం కాదు, పొట్ట కాదు. ఒక్క క్షణం ఆగి పైకి తోయండి. నడుము, భుజాలు ఒకేసారి లేవాలి. భుజాలు ముందు లేచి నడుము వెనకాల ఈడ్చుకుంటూ వస్తే ఆ రెప్, అంటే ఆ ఒక్కసారి దిగి లేవడం, లెక్కలోకి రాదు, ఆ సెట్ కూడా అక్కడితో అయిపోయింది. పది అనుకున్నారు, ఆరుకే వంకర పోయింది, అయితే ఆరే. ఇంకో రెండు తీయగలను అనిపించినప్పుడే ఆపడం ఇంకా మంచిది.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఒకప్పుడు రోజుకి వంద చొప్పున నెల రోజుల ఛాలెంజ్ పెట్టుకున్నవాడినే. పంతొమ్మిదో రోజు పొద్దున చొక్కా తొడుక్కోబోతే ఎడమ చేయి పైకి లేవలేదు. రెండు నెలలు పోయాయి. కండ త్వరగా బలపడుతుంది, దాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్లు నెమ్మదిగా బలపడతాయి. చేయగలుగుతున్నాం కదా అని రోజూ పెంచుకుంటూ పోతే ముందు మొరాయించేది అవే.

ఎత్తు ఎప్పుడు తగ్గించాలి? పన్నెండేసి చొప్పున మూడు సెట్లు, వంకర లేకుండా, వరసగా రెండుసార్లు వస్తే. గోడ, వంటింటి గట్టు, తర్వాత మెట్లు. మెట్లకి మించిన జిమ్ లేదు, నాలుగో మెట్టు మీద మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దిగుతూ వస్తే నేల అదే వస్తుంది. ఒక మెట్టుకి వారం పట్టొచ్చు, నెలా పట్టొచ్చు. మణికట్టు నొప్పెడితే అరచేయి ఆనించే బదులు గట్టు అంచుని పిడికిట్లో పట్టుకోండి, లేదా నేల మీద పిడికిళ్లతో చేయండి.

లాగడం

తోయడం ఒక్కటే చేసి లాగడం వదిలేస్తే భుజాలు ముందుకి వంగిపోయినట్టు తయారవుతాయని నా అనుభవం. ముందు బార్‌కి ఇరవై సెకన్లు వేలాడటం నేర్చుకోండి. తర్వాత నడుమెత్తున ఉన్న బార్ కింద వెల్లకిలా వాలి, మడమలు నేలకి ఆనించి, ఛాతీని బార్ దగ్గరికి లాగండి. ఎనిమిదేసి చొప్పున మూడు సెట్లు. భోజనాల బల్ల కింద దూరి దాని అంచు పట్టుకుని లాగే వీడియోలు చూసి మీరూ చేయకండి, బల్ల మీ మీదకి ఒరుగుతుంది. ఇది బాగా వచ్చాక స్టూల్ ఎక్కి గడ్డం బార్ పైకి వచ్చేలా పట్టుకుని, ఐదు సెకన్ల పాటు మెల్లగా కిందికి దిగడం సాధన చేయండి. మొదటి పుల్-అప్ వచ్చేది ఇలా దిగడం వల్లే, కాళ్లు ఝాడిస్తూ ఊగడం వల్ల కాదు.

వారానికి ఎన్నిసార్లు?

మూడు. రోజు విడిచి రోజు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి కండరాల వ్యాయామం వారానికి కనీసం 2 రోజులు చేయమంటుంది, నేను మూడు అంటాను. బస్కీలు, పుష్-అప్స్, లాగడం, మూడూ ఒకేరోజు, సెట్టుకీ సెట్టుకీ మధ్య ఒకటిన్నర, రెండు నిమిషాలు విశ్రాంతి. మొత్తం ముప్పావు గంట లోపు అయిపోతుంది. కండ పట్టేసినట్టు ఉండే నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లోపు బాగా తెలుస్తుంది, తర్వాత పోతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కీలులో గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపేయండి. మొదటి కొన్ని వారాల్లో అద్దంలో ఏ తేడా కనిపించదు, అయినా రెప్స్ పెరుగుతాయి. అప్పుడు పెరిగే బలం ఎక్కువగా నరాలు పని నేర్చుకోవడం వల్ల వచ్చేది.

ఫోన్‌ని నడుమెత్తున పక్కగా పెట్టి మొదటిరోజే ఒక సెట్ రికార్డ్ చేయండి, ఎంత దరిద్రంగా ఉన్నా డిలీట్ చేయకండి. ఆరు వారాల తర్వాత అదే చోట, అదే ఎత్తులో ఇంకొకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ముందు నడుము చూడండి, ఆ తర్వాత తల.