పిల్లలు నోరు విప్పకపోతే, చేతులెత్తేస్తే: కొత్త టీచర్లకు సమస్య - పరిష్కారం

టీచింగ్ ప్రాక్టీస్‌కు వెళ్లినవాళ్ల నోట తరచుగా వినపడే మాటలు రెండు. "ఆ పిల్లాడికి ఎంత చెప్పినా ఎక్కట్లేదు", "ఆ పిల్లకి కాన్ఫిడెన్స్ లేదు". ఇవి కారణాల్లా వినిపిస్తాయి గానీ, మనకు కనబడ్డ లక్షణానికి మనం తగిలించిన పేర్లు మాత్రమే. అసలు కారణం చాలాసార్లు మనం అడిగిన ప్రశ్నలోనో, ఇచ్చిన టైములోనో, మధ్యలో వదిలేసిన ఒక మెట్టులోనో దొరుకుతుంది. ముందు అక్కడ వెతకండి.

లక్షణం: ప్రశ్న అడిగితే క్లాసంతా మౌనం. లేదంటే ఎప్పుడూ ఆ ముగ్గురే చెయ్యెత్తుతారు

కారణం: మనం ఆగట్లేదు. అమెరికాలో సైన్సు బోధన మీద పరిశోధన చేసిన మేరీ బడ్ రో 1970ల్లో క్లాసులను టేపులో రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. ఆ తర్వాత ఇంకొకరిని అడగడమో, జవాబు తామే చెప్పేయడమో చేస్తున్నారు. ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనేవాళ్లు తగ్గారు, అంతకుముందు మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు.

పరిష్కారం: ప్రశ్న అడిగి మనసులో మూడు లెక్కపెట్టండి. వినడానికి తేలికే గానీ, బోర్డు దగ్గర నిలబడితే ఆ మూడు సెకన్లు ముప్పైలా అనిపిస్తాయి. టెన్షన్ పడి ప్రశ్నను మార్చి మార్చి అడగకండి, ఆలోచిస్తున్న పిల్లలకు దారి తప్పుతుంది. పేరు చివర్లో పిలవండి. ముందే ఒకరి పేరు పిలిస్తే మిగతావాళ్లు హమ్మయ్య అనుకుని ఆలోచించడం మానేస్తారు. జవాబు వచ్చాక కూడా ఇంకో మూడు సెకన్లు ఆగండి. వెంటనే "వెరీ గుడ్" అంటే చర్చ అక్కడితో ముగిసిపోతుంది.

అయినా మాట్లాడని పిల్లలుంటే, ముందు ఒక నిమిషం పక్కవాళ్లతో మాట్లాడుకోమని, తర్వాత క్లాసుకు చెప్పమనండి. ఒకసారి చిన్నగా చెప్పి చూసుకున్న మాటను పెద్దగా చెప్పడం అంత భయం కాదు. ఇక "అర్థమైందా?" అన్నది ప్రశ్నల లెక్కలోకే రాదు. దానికి ఏ క్లాసులోనైనా "ఆఁ" అనే జవాబు వస్తుంది.

లక్షణం: ఎన్నిసార్లు దిద్దినా అదే తప్పు

అజాగ్రత్త అని తేల్చేయకండి. అజాగ్రత్త వల్ల జరిగే తప్పులు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి. ఒకేలా వస్తున్న తప్పు వెనక ఒక నియమం ఉంటుంది. పిల్లలు తమకు తాము కట్టుకున్న నియమం అది, పాపం చాలా నమ్మకంగా పాటిస్తుంటారు.

ఉదాహరణకు 52 − 38 = 26 అని రాశారనుకోండి. ఒకట్ల స్థానంలో 2 లోంచి 8 పోదు కాబట్టి, తిప్పి 8 లోంచి 2 తీసేశారు. "పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి" అన్న నియమం ఇది. మొదటి తీసివేతల్లో ఎవరో చెప్పినదే అయ్యుంటుంది. నిర్ధారించుకోవడానికి 71 − 46 ఇవ్వండి. 35 అని వస్తే మీ అనుమానం నిజం. 25 అని వస్తే మొదటిది తొందరలో జరిగిన పొరపాటు కావచ్చు.

పరిష్కారం: సరైన పద్ధతిని మళ్లీ మొదటినుంచీ వల్లించడం పనిచేయదు. ఆ నియమం ఎక్కడ విరుగుతుందో పిల్లలకే కనబడాలి. "52 లోంచి 30 తీసేస్తేనే 22 మిగిలింది కదా, ఇంకా 8 తీయాలి. మరి 26 ఎలా మిగులుతుంది?" అని అడిగి ఆగండి. తర్వాత పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు చేతికివ్వండి. ఒక కట్ట విప్పితే తప్ప ఎనిమిది ఇవ్వలేమని చేతులకే తెలుస్తుంది. అప్పు తీసుకోవడం అంటే ఏమిటో అప్పుడు చెప్పండి, అంతకుముందు వద్దు.

0.5 కన్నా 0.45 పెద్దది అనడం కూడా ఇలాంటిదే. 5 కన్నా 45 పెద్దదన్న పాత నియమాన్ని కొత్త చోటికి మోసుకొచ్చారు. తప్పు చూడగానే ఇంటూ కొట్టేయకుండా "ఇది ఎలా చేశావు?" అని అడగడం అలవాటు చేసుకోండి. సరైన జవాబుకు కూడా అదే అడగాలి, లేకపోతే ఆ ప్రశ్న విన్నారంటే తప్పు చేశామని పసిగట్టేస్తారు.

లక్షణం: పెన్సిలు పట్టకముందే "నాకు రాదు"

కారణం: గతంలో ప్రయత్నించిన ప్రతిసారీ ఓటమే ఎదురై ఉంటుంది. "నీకు వస్తుంది, ట్రై చెయ్" అనే మాటకు బలం తక్కువ. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో తన సిద్ధాంతంలో చెప్పినదీ ఇదే. "నేను చేయగలను" అన్న నమ్మకానికి స్వయంగా చేసి గెలిచిన అనుభవమే అన్నిటికన్నా గట్టి ఆధారం, ఇతరుల ప్రోత్సాహం దాని తర్వాతే.

పరిష్కారం: పని పరిమాణం తగ్గించండి, స్థాయిని కాదు. పేరా రాయమంటే బెదిరిపోతే మొదటి వాక్యం మీరివ్వండి, రెండోది తనని రాయమనండి. రేపు మొదటిది కూడా తనే రాయాలి. మీ సాయం రోజురోజుకూ తగ్గకపోతే అదే కొత్త అలవాటుగా మారుతుంది. ఇక్కడ మెత్తని మనసున్న టీచర్లే ఎక్కువగా జారతారు, పిల్లలు ఇబ్బంది పడితే చూడలేక పెన్సిలు లాక్కుని చేసేస్తారు.

మెచ్చుకోలు విషయంలో జాగ్రత్త. 1998లో మనస్తత్వవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన ప్రయోగాల్లో "నువ్వు తెలివైనదానివి" తరహా పొగడ్త అందుకున్న పిల్లలు, తర్వాత కష్టమైన పజిల్స్‌లో ఓడిపోయాక త్వరగా నిరుత్సాహపడ్డారు. అలాగని ఊరికే "బాగా కష్టపడ్డావు" అన్నా లాభం లేదు. చేసిన పనిని పేరు పెట్టి చెప్పండి: "రెండో స్టెప్పు దగ్గర ఆగి సరిచూసుకున్నావు చూడు, అక్కడే తప్పు దొరికింది."

లక్షణం: నిన్న వచ్చింది, ఇవాళ గుర్తులేదు

మళ్లీ చదివించడం కన్నా, పుస్తకం మూయించి గుర్తున్నది రాయించడం మేలు. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, మళ్లీ చదివినవాళ్లు 5 నిమిషాల తర్వాత పైచేయిగా ఉన్నారు, వారం తర్వాత మాత్రం గుర్తుచేసుకుని రాసినవాళ్లే నెగ్గారు. పీరియడ్ మొదట్లో పాత పాఠం నుంచి మూడు ప్రశ్నలు చాలు. మార్కులు వేయకండి, వేస్తే పరీక్ష భయం పట్టుకుంటుంది.

లక్షణం: దిద్ది ఇచ్చిన నోట్‌బుక్‌లో మార్కు చూసి మూసేస్తారు

మార్కు పక్కన రాసిన సలహాను ఎవరూ చదవరు. రోజువారీ పనికి మార్కు తీసేసి ఒక్క సూచన రాయండి. దాని ప్రకారం సరిచేయడానికి క్లాసులోనే అయిదు నిమిషాలివ్వండి.

ఇవేవీ పనిచేయకపోతే

బోర్డు మీదిది తప్పుగా ఎక్కించుకుంటున్నా, కళ్లు చికిలించి చూస్తున్నా చూపు పరీక్ష అవసరం కావచ్చు. వెనక నుంచి పిలిస్తే పలకకపోతే వినికిడి పరీక్ష చేయించాలి. మాటల్లో చురుగ్గా ఉండి, చదవడంలో మాత్రం నెలల తరబడి తడబడుతుంటే డిస్లెక్సియా (తెలివితో సంబంధం లేకుండా చదవడంలో వచ్చే ఇబ్బంది) ఉందేమో నిపుణులు చూడాలి. సమస్యకు పేరు మీరు పెట్టకండి. ఏ రోజు ఏం గమనించారో తేదీతో రాసుకుని క్లాస్ టీచర్‌కు ఇవ్వండి, తల్లిదండ్రులతో వాళ్లు మాట్లాడతారు. ఈలోగా ముందు బెంచీలో కూర్చోబెట్టండి, బోర్డు మీద అక్షరాలు కాస్త పెద్దగా రాయండి.